వాదించుకోదగ్గ సినిమాకు డిస్కే తగినది: 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరే సమీక్ష

ఇంట్లో చూసుకోవడానికి సినిమా కొనాలనుకునేవారి ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. డిజిటల్ స్టోర్‌లో ‘కొనండి’ అనే బటన్ నొక్కి ఆ సినిమాను క్షణంలో తమ ఖాతాలో చేర్చుకోవడం ఒకటి; డిస్కు తెప్పించుకుని, దానికి తగిన ప్లేయర్‌లో పెట్టి చూడడం రెండోది. నెలవారీ చందాతో చూసే ఓటీటీ సినిమాలను నేను కొనుగోలు కింద లెక్కించడం లేదు, ఎందుకంటే చందా ఆగిన మరుక్షణం అవీ ఆగిపోతాయి. ఈ సమీక్ష ప్రధానంగా 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కు గురించి. కొత్త సినిమా చూసి వచ్చాక స్నేహితులతో గంటల తరబడి దాని మీద వాదించే ప్రేక్షకుడి అవసరాలను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. ఒకసారి చూసి మరచిపోయే సినిమాకు ఈ ఖర్చూ ఈ శ్రమా అక్కర్లేదు. మళ్లీ మళ్లీ తెరిచి, ఒక షాట్ దగ్గర ఆపి, ఒక సంభాషణను వెనక్కి తిప్పి విని, ‘దర్శకుడు నిజంగా ఏం చూపించాడు’ అని తేల్చుకోవలసిన సినిమాకు మాత్రం దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు.

ఈ డిస్కులు మార్కెట్లోకి వచ్చింది 2016లో. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీ రెండు పొరల్లో 8.5 జీబీ సమాచారాన్ని మోయగలిగేది; 2006లో వచ్చిన బ్లూరే దాన్ని 50 జీబీకి పెంచింది; అల్ట్రా హెచ్‌డీ డిస్కు రెండు పొరలుంటే 66 జీబీ, మూడు పొరలుంటే 100 జీబీ పట్టుకుంటుంది. 4కె అంటే బొమ్మ పరిమాణం 3840 × 2160 పిక్సెళ్లు, అంటే ఒక్కో ఫ్రేములో దాదాపు 83 లక్షల చుక్కలు. అయితే పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే ఈ పిక్సెళ్ల లెక్క కన్నా, ఎవరూ అచ్చు వేయని మరో లెక్క ముఖ్యమైనదని నా అభిప్రాయం. అది బిట్‌రేట్, అంటే ఒక సెకను సినిమాకు ఎంత సమాచారం కేటాయించారన్నది. ఈ డిస్కు గరిష్ఠంగా సెకనుకు వంద మెగాబిట్లకు పైగానే అందించగలదు. నెట్‌ఫ్లిక్స్ 4కె వీక్షణకు సూచించే ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు. డిజిటల్ స్టోర్లలో కొన్న 4కె సినిమాలు సాధారణంగా దీనికన్నా కొంత మెరుగ్గా ఉంటాయి కానీ, డిస్కు దరిదాపుల్లోకి రావు. రెండు గంటల సినిమా సగటున సెకనుకు 60 మెగాబిట్ల చొప్పున నడిస్తే 54 జీబీ అవుతుంది. అదే సినిమాను 20 మెగాబిట్ల చొప్పున కుదిస్తే 18 జీబీకి దిగుతుంది. రెండింటి మీదా ‘4కె’ అనే రాసి ఉంటుంది.

ఆ తగ్గిన 36 జీబీ ఎక్కడి నుంచి పోయిందో తెలుసుకోవాలంటే చీకటి దృశ్యాలు చూడాలి. వీడియోను కుదించే పద్ధతి బొమ్మను గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆననిదని తాను లెక్కగట్టిన వివరాన్ని ముందుగా వదులుకుంటుంది. పట్టపగటి దృశ్యంలో ఆ నష్టం మనకు తెలియదు. దీపపు వెలుగు గోడ మీద మెల్లగా పలచబడి నీడలో కలిసే చోట, పొగమంచులో, నీటి తుంపరలో, ఫిల్ము మీద తీసిన సినిమాల్లో సహజంగా ఉండే సన్నని రేణువుల కదలికలో అది బయటపడుతుంది. వెలుగు నునుపుగా తగ్గవలసిన చోట మెట్లు మెట్లుగా చారలు ఏర్పడతాయి. నీడలో ఉన్న మనిషి, వెనకనున్న తలుపు, గోడ అన్నీ ఒకే నల్లటి ముద్దగా కలిసిపోతాయి. 4కె స్ట్రీమింగ్‌లోనూ ఒక్కో రంగుకు 1,024 స్థాయిలిచ్చే 10 బిట్ల విధానమే వాడుతున్నారు గనుక పాత రోజులతో పోలిస్తే చారల బెడద చాలా తగ్గింది. అయినా సమాచారమే తక్కువైనప్పుడు స్థాయిలు ఎన్ని ఉన్నా అవి వాడకానికి రావు.

ఇది ప్రయోగశాల పట్టింపు కాదనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఇటీవలి ఒక సినిమా ముగింపు మీద మా మిత్రుల మధ్య చాలా రోజులు వాదన నడిచింది. కథానాయిక ఖాళీ ఇంటిని విడిచి వెళ్తుంటే, వెనక గది గుమ్మం దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని ఒకరు పట్టుబట్టారు. ‘లేదురా, అది తలుపు నీడే, నువ్వు ఊహించుకుంటున్నావు’ అని మరొకరు కొట్టిపారేశారు. డిజిటల్ ప్రతిలో ఆ గుమ్మం దగ్గర కదులుతున్న నల్లటి గళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. పాజ్ చేస్తే బొమ్మ ఇంకా మసకబారింది. డిస్కు వచ్చాక అదే దృశ్యాన్ని దీపాలన్నీ ఆర్పి ఒక్కో ఫ్రేము చొప్పున ముందుకు నడిపాము. గుమ్మానికి ఎడమ పక్కన ఒక భుజం వంపు, దాని కింద చొక్కా గుండీ మీద సూది మొనంత మెరుపు స్పష్టంగా కనిపించాయి. అక్కడితో వాదన ముగిసిందనుకుంటే పొరపాటు. మనిషి ఉన్నాడా లేడా అన్న వాదన కాస్తా, ఉన్నవాణ్ణి అంత చీకట్లో ఎందుకు పెట్టారు, కథానాయికకు అతను కనిపించాడా, కనిపించే వెళ్లిపోయిందా అన్న వాదనగా మారింది. మొదటి వాదన మా టీవీలో బొమ్మ నాణ్యత గురించినది. రెండోది సినిమా గురించినది. ఈ రెండో వాదన దగ్గరికి చేర్చడమే డిస్కు చేసే అసలైన మేలు.

ధ్వని విషయంలోనూ ఇదే జరుగుతుంది, నిజానికి అక్కడ తేడా ఇంకా ఎక్కువ. డిస్కులోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే ఫార్మాట్లు ధ్వనిని ఏమీ పోగొట్టకుండా కుదిస్తాయి; విప్పినప్పుడు స్టూడియోలో ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. స్ట్రీమింగ్‌లో వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ మాత్రం కొంత వదులుకుని కుదించే రకం. ఈ మధ్య సినిమాల గురించి జరిగే చర్చల్లో ‘మాటలు వినపడడం లేదు, నేపథ్య సంగీతం ముంచేస్తోంది’ అనే ఫిర్యాదు తరచుగా వస్తుంది. అందులో కొంత నిజంగానే దర్శకులు, ధ్వని మిశ్రమకారులు కావాలని చేసిన ఎంపిక. కొంత మాత్రం మన ఇంటి ఏర్పాటు వల్ల వచ్చినది. థియేటర్లో సంభాషణలు చాలావరకు తెర మధ్యనున్న ఒక ప్రత్యేక స్పీకర్ నుంచి వస్తాయి. టీవీకుండే రెండు చిన్న స్పీకర్లలోకి ఆరు లేదా ఎనిమిది చానెళ్ల ధ్వనిని కలిపి దించినప్పుడు మాటకూ సంగీతానికీ మధ్య ఉన్న ఎడం చెరిగిపోతుంది. డిస్కును మధ్య స్పీకర్ ఉన్న సాధారణ సౌండ్‌బార్‌తో విన్నా, ఒక గుసగుస నిజంగా వినపడకూడదనే పెట్టారా, లేక మన దాకా రాలేదా అన్నది తేలిపోతుంది. ఆ మాత్రం తేల్చుకోకుండా మిశ్రమకారుణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు.

టీవీ సెట్టింగుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే డిస్కు ఎంత మంచిదైనా టీవీ దాన్ని చెడగొట్టగలదు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. చాలా టీవీలు పెట్టెలోంచి తీసినప్పటి నుంచే, ఆ ఫ్రేముల మధ్య తామే కొత్త ఫ్రేములు కల్పించి కదలికను నునుపు చేస్తాయి. దాంతో భారీ ఖర్చుతో తీసిన దృశ్యం కూడా సీరియల్ చిత్రీకరణలా కనిపిస్తుంది. ‘గ్రాఫిక్స్ తేలిపోయాయి, సెట్టు సెట్టులాగే ఉంది’ అని తీర్పులు చెప్పేవారిలో ఎంతమంది ఈ సదుపాయాన్ని ఆపి చూశారోనని నాకు ఎప్పుడూ సందేహమే. యూహెచ్‌డీ అలయన్స్ అనే పరిశ్రమ సంఘం 2019లో ప్రకటించిన ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ మీ టీవీలో ఉంటే దాన్ని ఎంచుకోండి. ఆ ఒక్క ఎంపికతో ఈ కల్పిత ఫ్రేములు, అదనపు పదును అన్నీ ఆగిపోతాయి. ఇది డిస్కుకే కాదు, అన్ని రకాల వీక్షణకూ వర్తిస్తుంది.

ఇక యాజమాన్యం సంగతి. డిజిటల్ స్టోర్‌లో డబ్బు చెల్లించినప్పుడు మనకు దక్కేది ఆ సినిమా కాదు, దాన్ని చూసుకునే అనుమతి. షరతుల పత్రంలో ఎక్కడో చిన్న అక్షరాలతో ఉండే ఈ సంగతిని కొనేటప్పుడే స్పష్టంగా చెప్పాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. చట్టం దాకా రావడానికి కారణాలున్నాయి. కొన్న సినిమాలను ఒకే చోట భద్రపరుస్తామంటూ పెద్ద స్టూడియోల మద్దతుతో మొదలైన అల్ట్రావయొలెట్ సేవ 2019 జులై 31న మూతపడింది. ఖాతాలను ముందుగానే ఇతర స్టోర్లతో అనుసంధానించుకున్నవారికి చాలావరకు సినిమాలు మిగిలాయి, పట్టించుకోనివారు ఇబ్బంది పడ్డారు. సోనీ ప్లేస్టేషన్ స్టోర్ 2021లో సినిమాల అమ్మకం ఆపింది; మరుసటి ఏడాది జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో స్టూడియోకెనాల్ సంస్థ సినిమాలు కొన్నవారికి, లైసెన్సు ఒప్పందాల కారణంగా అవి ఇక అందుబాటులో ఉండవని తెలియజేసింది. ఇలాంటివి అరుదుగానే జరుగుతాయన్నది నిజం. కానీ ఎప్పుడు జరుగుతాయో మన చేతిలో లేదన్నది కూడా అంతే నిజం.

సినిమా మాయం కావడం కన్నా, మనకు తెలియకుండా మారిపోవడం చర్చించేవారికి ఎక్కువ ఇబ్బంది. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 1971 నాటి ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’లో జాతి దూషణ ఉన్న ఒక చిన్న భాగం 2023లో కొన్ని డిజిటల్ వేదికల్లోని ప్రతి నుంచి ఏ ప్రకటనా లేకుండా తొలగిపోయింది. ఆ మాటలు ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, గంభీరంగా జరగవలసిన చర్చే. కానీ ఆ చర్చ జరగాలంటే ముందుగా ఆ దృశ్యం మన ముందుండాలి కదా. పాత డిస్కు ఉన్నవారి దగ్గర అది అలాగే ఉంది. కొత్త సినిమాలకు ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది: థియేటర్లో ఒక నిడివి, ఇంటికి వచ్చేసరికి మరో నిడివి, ఆ తర్వాత దర్శకుడి ప్రతి అంటూ ఇంకొకటి. ఇద్దరు వేర్వేరు ప్రతులు చూసి, ఆ సంగతి తెలియక ఒకరినొకరు తప్పుపట్టుకున్న వాదనలు ఎన్నో విన్నాను. డిస్కు పెట్టె వెనక నిడివి నిమిషాలతో సహా ఏ ప్రతి అన్నది అచ్చు వేసి ఉంటుంది. వాదనకు దిగేముందు ఇద్దరూ ఆ ఒక్క పంక్తి చదువుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

అదనపు విశేషాల గురించి కొంత నిరాశతోనే రాయాలి. సినిమా నడుస్తుండగా దాని మీద వ్యాఖ్యానం వినిపించే పద్ధతిని 1984లో క్రైటీరియన్ సంస్థ, డీవీడీకి ముందు తరానికి చెందిన ఒక లేజర్‌డిస్కుతో ప్రారంభించింది. డీవీడీ కాలంలో అది ఎంతో వికసించింది. ఛాయాగ్రాహకుడు ఒక షాట్ దగ్గర ‘ఈ కిటికీ వెలుగు నిజమైనది కాదు’ అని చెప్పే ఒక్క మాట, పది సమీక్షలు నేర్పని సంగతిని నేర్పుతుంది. కొత్త సినిమాల డిస్కుల్లో ఇప్పుడు ఇలాంటి వ్యాఖ్యానాలు తగ్గి, నటీనటులు ఒకరినొకరు పొగుడుకునే చిన్న ప్రచార వీడియోలు పెరిగాయి. ఈ డబ్బు పెట్టి కొనేవారు ఆసక్తితో కొనేవారే అయినప్పుడు, వారికి ఇవ్వవలసింది ఇది కాదు. పాత సినిమాలను శ్రద్ధగా పునరుద్ధరించి విడుదల చేసే చిన్న సంస్థలు ఈ విషయంలో పెద్ద స్టూడియోల కన్నా ఎంతో మెరుగు.

డిస్కులో ఇతర లోపాలూ ఉన్నాయి, కొనేముందు తెలుసుకోవడం మంచిది. ‘4కె’ అని ఉన్న ప్రతి డిస్కూ నిజమైన 4కె కాదు: ఎన్నో సినిమాల తుది కూర్పు, గ్రాఫిక్స్ 2కె పరిమాణంలోనే, అంటే 4కెలో దాదాపు నాలుగో వంతు చుక్కలతోనే పూర్తి చేసి, తర్వాత పెంచుతారు. అలాంటివాటిలో లాభం పదునులో కాక, వెలుగు నీడల వ్యాప్తిని పెంచే హెచ్‌డీఆర్‌లో, రంగుల్లో కనిపిస్తుంది. కొన్ని పాత సినిమాలను శుభ్రం చేయబోయి ముఖాలను మైనపు బొమ్మల్లా నునుపు చేసిన విడుదలలూ ఉన్నాయి కాబట్టి, పునరుద్ధరణ గురించి రెండు మూడు సమీక్షలు చదవకుండా కొనకండి. అల్ట్రా హెచ్‌డీ డిస్కుకు ప్రాంతీయ తాళం లేదు, ఏ దేశంలో కొన్నదైనా నడుస్తుంది. కానీ అదే పెట్టెలో అదనపు విశేషాలతో వచ్చే సాధారణ బ్లూరే డిస్కుకు ఆ తాళం ఉండవచ్చు. మూడు పొరల డిస్కు మీద ఒక వేలిముద్ర పడినా కొన్ని ప్లేయర్లు సినిమా మధ్యలో ఆగిపోతాయి. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఉపశీర్షికలు మీకు కావలసిన భాషలో ఉన్నాయో లేదో పెట్టె వెనక చూసుకోవలసిందే, తర్వాత చేర్చుకునే వీలు లేదు.

అసలు కొరత ప్లేయర్లది. వీటిలో మేలైనవి చేసిన ఒప్పో 2018లో ఈ రంగం నుంచి తప్పుకుంది, సామ్‌సంగ్ 2019లో అమెరికా మార్కెట్లో కొత్త ప్లేయర్లు తీసుకురావడం ఆపింది. కంప్యూటర్‌లో చూద్దామనుకునేవారికి మరో అడ్డంకి ఉంది: ఈ డిస్కు నడవడానికి కావలసిన ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటును ఇంటెల్ తన 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి తీసివేసింది, అంటే కొత్త కంప్యూటర్ కొన్నవారికి పాత కంప్యూటర్ ఉన్నవారి సౌకర్యం కూడా లేదు. డిస్కు డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అనే వీడియో గేమ్ యంత్రాలు ఈ డిస్కులను నడుపుతాయి. ఇప్పటికే ఇంట్లో వాటిలో ఒకటి ఉంటే వేరే ప్లేయర్ కొనకుండానే మొదలుపెట్టవచ్చు. అయితే ఆ రెండూ డిస్కుల్లోని డాల్బీ విజన్ అనే మెరుగైన హెచ్‌డీఆర్ రకాన్ని చూపించవు, హెచ్‌డీఆర్10 అనే మామూలు రకానికే పరిమితమవుతాయి. డాల్బీ విజన్ మీకు ముఖ్యమైతే ప్రత్యేక ప్లేయర్ తప్పదు.

డిజిటల్ కొనుగోలును నేను పూర్తిగా తోసిపుచ్చడం లేదు. కొత్త సినిమా డిస్కు కన్నా వారాల ముందు అక్కడికి చేరుతుంది. చర్చ వేడిగా ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు. ఇంట్లో చోటు లేనివారికి, ప్రయాణాల్లో చూసేవారికి అదే సరైనది. కొన్ని స్టోర్లు గతంలో హెచ్‌డీలో కొన్నవారికి తర్వాత వచ్చిన 4కె ప్రతిని అదనపు ఖర్చు లేకుండా ఇచ్చాయి, అది మెచ్చుకోదగ్గ పని. అందుకే నేను పాటించేదీ, ఇతరులకు చెప్పేదీ ఒక్కటే: కొత్త సినిమాను ముందు అద్దెకు తీసుకుని చూడండి, వాదించండి. కొన్ని వారాల తర్వాత కూడా ఆ వాదన తెగకుండా ఉంటే, ఏదో ఒక దృశ్యం గురించి మీరు మాట మార్చుకునే అవకాశం ఉందని అనిపిస్తే, అప్పుడు డిస్కు కొనండి. మెచ్చిన సినిమాలే కొనాలన్న నియమం ఏమీ లేదు. నా అరలో ఉన్నవాటిలో నాకు నచ్చని సినిమాలు కొన్ని ఉన్నాయి. ఎందుకు నచ్చలేదో ఇంకా సరిగ్గా చెప్పలేకపోతున్నాను కాబట్టే అవి అక్కడ ఉన్నాయి.

తక్కువ ఖర్చుతో తెరకెక్కిన సినిమాలు, ఇతర చిన్న సినిమాలు చాలావాటికి 4కె డిస్కు రాకపోవచ్చు. అలాంటప్పుడు 1920 × 1080 పిక్సెళ్ల సాధారణ బ్లూరేను చిన్నచూపు చూడకండి. సెకనుకు 40 మెగాబిట్ల వరకు వీడియోకే కేటాయించగల ఆ డిస్కు, బాగా తయారు చేసినదైతే, కుదించిన 4కె స్ట్రీమింగ్ కన్నా చీకటి దృశ్యాల్లో తరచుగా నిబ్బరంగా నిలుస్తుంది. ధ్వని కూడా చాలావరకు నష్టం లేనిదే. అల్ట్రా హెచ్‌డీ ప్లేయర్ బ్లూరేలనూ డీవీడీలనూ నడుపుతుంది కనుక, ప్లేయర్ మీద ఒకసారి పెట్టిన డబ్బు ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత డిస్కులన్నిటికీ ఉపయోగపడుతుంది.